నాటకం ప్రేక్షకుడికి ఎంత చేరిందో కొలవడం ఎట్లా?

ఓరుగల్లు_రంగస్థలం

మా బృందం హనుమకొండలో సాంఘిక నాటకాలు, పద్య నాటకాలు రెండూ ఆడుతుంది. ఈ ఏడాది మాకు ఆర్థిక సహాయం చేసిన ఒక సంస్థ షరతు పెట్టింది. ప్రతి ప్రదర్శన ముగిశాక ప్రేక్షకులకు ఒక ఫారం ఇచ్చి, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయించి, ఆ సగటును నివేదికలో చూపించాలి. చెప్పినట్టే చేశాము. దాదాపు అన్ని ఫారాలూ ఐదు మార్కులతోనే తిరిగి వచ్చాయి. మొదటి అంకంలోనే సగం హాలు ఫోన్లు తీసి చూసుకున్న నాటకానికీ ఐదే, చివర దీపాలు ఆరిన తర్వాత చప్పట్లు కొట్టడానికి కూడా చేతులు రాక జనం అట్లాగే కూర్చుండిపోయిన నాటకానికీ ఐదే. ఆ రెండు సాయంత్రాలు ఒకటి కావని హాలులో ఉన్న వారందరికీ తెలుసు, కానీ నివేదిక చదివే వారికి అవి రెండూ సమానంగానే కనిపిస్తాయి.

కళను కొలవకూడదని వాదించడానికి ఇది రాయడం లేదు. ప్రేక్షకుడి లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని మాకూ ఉంది, తర్వాతి నాటకాన్ని ఎట్లా తయారు చేసుకోవాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. అటు సంస్థకు పంపడానికి వీలుగా, ఇటు మాకు పనికొచ్చేలా ఉండే పద్ధతి ఎవరైనా వాడి ఉంటే వివరంగా చెప్పగలరు.

వెనుక_వరుస

ఆ ఫారాలను ప్రేక్షకుల చేతుల్లోంచి ఎవరు తీసుకున్నారో ముందు చెప్పండి. ముఖానికి రంగు కూడా తుడుచుకోని నటుడు గుమ్మం దగ్గర నిలబడితే మూడు మార్కులు వేసే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఓరుగల్లు_రంగస్థలం

నటులు కాదు, బయటి కుర్రవాళ్లే తీసుకున్నారు. అయినా మన ఊళ్లో నాటకానికి వచ్చేవారిలో సగం మంది ఒకరికొకరు తెలిసినవారే కదా, తక్కువ మార్కు వేస్తే ఎవరి చేతిరాతో పోల్చుకోగలరన్న మొహమాటం ఉంటుంది.

గణాంకాల_సార్

మొహమాటం ఒక్కటే కారణమైతే పెట్టె పెట్టి అందులో వేయమంటే సరిపోయేది. అసలు ఇబ్బంది అంతకంటే లోతుగా ఉంది. సెలవు రోజు సాయంత్రం బండి తీసుకుని, పార్కింగు వెతుక్కుని, పిల్లలను ఇంట్లో ఎవరికో అప్పగించి నాటకానికి వచ్చిన మనిషి నచ్చుతుందన్న నమ్మకంతోనే వస్తాడు. అట్లాంటి వారిని సంతృప్తి గురించి అడిగితే జవాబులన్నీ పై గీతకు అంటుకుపోతాయి. అప్పుడు కొలబద్దలో తేడా చూపడానికి చోటే మిగలదు. ఐదు మార్కులకు బదులు పది పెట్టినా ఫలితం తొమ్మిది, పది దగ్గరే ఆగుతుంది కాబట్టి, గీతను పొడిగించడం వల్ల లాభం లేదు, ప్రశ్ననే మార్చాలి.

ఇంకొక విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. నచ్చని వారు ఇంటర్వెల్‌లోనే వెళ్లిపోతారు. చివర గుమ్మం దగ్గర ఫారం నింపేవారు చివరిదాకా ఉండాలని నిర్ణయించుకున్నవారు మాత్రమే. మీ సగటు హాలు మొత్తానిది కాదు, మిగిలిన వారిది. ఇంటర్వెల్‌కు ముందు ఎన్ని కుర్చీలు నిండాయో, తర్వాత ఎన్ని నిండాయో ఒక మనిషి లెక్కపెట్టి రాసుకుంటే, అది ఐదు మార్కుల సగటు కంటే నిజాయితీ గల అంకె.

మూడోది జ్ఞాపకానికి సంబంధించినది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1990లలో చేసిన ప్రయోగాలలో తేలినదేమిటంటే, ఒక అనుభవాన్ని తర్వాత తలచుకుని విలువ కట్టేటప్పుడు మనిషి దాని మొత్తాన్ని కూడి భాగించడు. అత్యంత తీవ్రంగా అనిపించిన క్షణమూ, చివరి క్షణమూ ఆ తీర్పు మీద ఎక్కువ ప్రభావం చూపుతాయి. చివరి రంగం గట్టిగా పండితే, ఫోన్లు చూసుకున్న మొదటి అంకాన్ని ఆ ఫారం మరచిపోతుంది. మీ రెండు నాటకాలకూ ముగింపు బలంగా ఉండి ఉంటుందని నా అనుమానం.

ఓరుగల్లు_రంగస్థలం

అవును సార్, ఆ ఫోన్ల నాటకానికి కూడా చివరి రంగం చాలా బాగా కుదిరింది. ఇన్నాళ్లూ మేము మొదటి అంకాన్ని సరిచేయకపోవడానికి ఆ ఐదు మార్కులే కారణమయ్యాయేమో అనిపిస్తోంది.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

పైన ఫోన్లు చూసుకోవడం గురించి రాశారు కాబట్టి నిద్ర గురించి కూడా చెప్పాలి. మా దగ్గర బొగ్గు గనుల కాలనీలలో నాటకం వేస్తే, రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు ముందు వరుసల్లోనే కళ్లు మూసుకుని ఉంటారు. ఎవరైనా ఫొటో తీసి చూస్తే ప్రదర్శన విఫలమైందనుకుంటారు. ఒకసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన గడ్డం ఛాతీకి ఆనించి గురక పెడుతున్నాడు. నటుడు పద్యం మూడో పాదం ముగించి రాగం అందుకోగానే ఆయన కళ్లు తెరవకుండానే వేళ్లతో మోకాలి మీద తాళం వేశాడు, నాలుగో పాదాన్ని నటుడికంటే ముందే పెదవులతో పలికాడు, మళ్లీ నిద్రలోకి జారాడు. ఆయన అనుభవం ఏ గడిలో టిక్కు పెడితే తెలుస్తుంది?

కరీంనగర్_ప్రేక్షకురాలు

పైన అన్న చెప్పింది నిజమే, కానీ అందరినీ ఆ పెద్దాయన లెక్కలో వేయకూడదు. విసుగుతో నిద్రపోయినవారూ ఉంటారు, వారిని కూడా గుర్తించాలి. నన్ను ఎవరైనా అడిగితే నేను సంతోషంగా జవాబు చెప్పే ప్రశ్న వేరే ఉంది. నాటకం నడుస్తుండగా మీరు ఇంటి పనులు, రేపటి బస్సు, వంట గురించి ఆలోచించడం ఎప్పుడు మానేశారని అడగాలి. ఆ క్షణం నాకు గుర్తుంటుంది. కొన్ని ప్రదర్శనలలో అసలు రాదు, అప్పుడు కూడా చప్పట్లు కొట్టే వస్తాను.

కళాపరిశోధన_విద్యార్థి

అక్కా, మీరు అడగమన్న ప్రశ్న ఈ రంగంలో పనిచేసేవారు అడిగే ప్రశ్నే. అమెరికాలో అలన్ బ్రౌన్, జెన్నిఫర్ నోవాక్ 2007లో వెలువరించిన అధ్యయనంలో సంగీతం, నృత్యం, నాటకం కలిపి 19 ప్రదర్శనల ప్రేక్షకులను పరిశీలించారు. వారు సంతృప్తి అన్న ఒకే మాటతో ఆగకుండా, ప్రదర్శనలో ఎంత లీనమయ్యారు, బుద్ధికి ఎంత పని పడింది, మనసు ఎంత కదిలింది, ఆత్మకు సంబంధించిన అనుభూతి ఏదైనా కలిగిందా, కొత్త కళారూపం పట్ల అభిరుచి పెరిగిందా, చుట్టూ ఉన్నవారితో అనుబంధం కలిగిందా అని విడివిడిగా అడిగారు. ఒక నాటకం మనసును కదిలించి బుద్ధిని వదిలేయవచ్చు, మరొకటి దానికి విరుద్ధంగా ఉండవచ్చు. మీ రెండు నాటకాల తేడా ఇట్లాంటి చోట బయటపడుతుంది.

వారు చేసిన మరో మంచి పని ఏమిటంటే, తెర లేవకముందే ఒక ఫారం ఇచ్చారు. ఈ కథ మీకు ముందే తెలుసా, ఈ రకమైన ప్రదర్శనలు మీరు చూస్తుంటారా, ఈ సాయంత్రం కోసం ఎంతగా ఎదురుచూశారు అని తెలుసుకున్నారు. రాకముందు ఉన్న స్థితి తెలియకుండా, వెళ్లేటప్పుడు ఉన్న స్థితిలో ప్రదర్శన వాటా ఎంతో చెప్పలేము. ఆస్ట్రేలియాలో జెన్నిఫర్ రాడ్‌బోర్న్ బృందం 2009లో రాసిన వ్యాసంలో తెలుసుకోవడం, సాహసించి రావడం, ప్రామాణికత, అందరూ కలిసి పాల్గొనడం అన్న నాలుగింటిని ప్రేక్షకుడు నాణ్యతను తూచే కొలతలుగా చూపించింది.

పేరిణి_గజ్జె

ఆ ప్రామాణికత అన్నది మా దగ్గరికి వచ్చేసరికి చిక్కుగా మారుతుంది. కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని నృత్త రత్నావళి ఆధారంగా, రామప్ప గుడి శిల్పాలను చూసి పునర్నిర్మించారు. రామప్ప గుడి కట్టింది 1213లో, జాయప గ్రంథం 1250ల నాటిది. నడుమ కొన్ని వందల ఏళ్లు చూసినవారే లేని కళను ఇప్పుడు చూస్తున్న ప్రేక్షకుడు ఇది అసలైనదని దేనితో పోల్చి చెప్పగలడు? 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక పేరిణి చూడటానికి కొత్తవారు చాలామంది వస్తున్నారు. వారిని ప్రామాణికత గురించి అడిగితే వేషాన్ని, పొగను, లైటింగును చూసి జవాబు చెబుతారు.

అదే పేరిణిలో ఘర్ఘరం అనే గజ్జెల ఘట్టానికి ముందు దాని గురించి రెండు మాటలు చెబితే మార్పు కళ్లకు కడుతుంది. కాళ్లకు కట్టిన గజ్జెలన్నీ ఉండగానే నర్తకుడు పాదాన్ని అదుపు చేసి కొన్నింటినే పలికించి, క్రమంగా పెంచి, మళ్లీ తగ్గించి ఆపేస్తాడు. ఈ సంగతి తెలియని హాలులో ఆ సమయంలో దగ్గులు, కుర్చీల కిర్రు వినిపిస్తాయి. చెప్పిన తర్వాత అదే ఘట్టంలో మృదంగం ఆగితే జనం ముందుకు వంగి పాదాల వైపే చూస్తారు, పిల్లలు పక్కవారిని గిల్లి మరీ నిశ్శబ్దం చేస్తారు. కాబట్టి నేను ఫారం కంటే ఆ దగ్గులను నమ్ముతాను.

గణాంకాల_సార్

మీరు చెప్పినదాన్ని చక్కని పరీక్షగా మార్చవచ్చు. ఒకే కార్యక్రమాన్ని రెండు సాయంత్రాలు పెట్టి, ఒక సాయంత్రం వివరణతో, మరొక సాయంత్రం వివరణ లేకుండా చేసి, ఘర్ఘరం నడిచినంతసేపు వినిపించిన దగ్గులను రికార్డింగులో లెక్కించండి. ఏ సాయంత్రం వివరణ చెప్పాలో చీటీ వేసి తేల్చుకోండి. రెండు సాయంత్రాలతోనే గట్టి నిర్ధారణకు రావద్దు, ఒకరోజు ఊరంతా జలుబుతో ఉండవచ్చు.

నాట్యశాస్త్రం_చదువరి

పాశ్చాత్య అధ్యయనాల పేర్లు చాలా వచ్చాయి, అవి అవసరమే. అయితే భరతుడి నాట్యశాస్త్రంలో ఇరవై ఏడో అధ్యాయం మొత్తం మనం చర్చిస్తున్న విషయానికే కేటాయించిన సంగతి ఇక్కడ ఇంకా ఎవరూ ఎత్తలేదు. ప్రదర్శన సిద్ధించిందని ఎట్లా తెలుస్తుందంటే, మానుషీ సిద్ధి, దైవీ సిద్ధి అని రెండు రకాల గుర్తులు చెప్పాడు. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వడం, పగలబడి నవ్వడం, సాధు అనడం, అహో అనడం, కష్టం అని బాధపడటం నోటితో వచ్చే గుర్తులు. ఒళ్లు పులకరించడం, ఆసనం మీంచి లేవడం, వస్త్రాలు, ఉంగరాలు విసరడం శరీరంతో వచ్చేవి. దైవీ సిద్ధికి మాత్రం గుర్తులు వేరు: సభ నిండుగా ఉండాలి, కలకలం ఉండకూడదు, ఎటువంటి అవాంతరం రాకూడదు. చప్పట్లు కొట్టలేక కూర్చుండిపోయారని మొదటి టపాలో రాసిన సాయంత్రం ఆ రెండో కోవలోకి వస్తుంది.

ఇంకా ఆసక్తికరమైనది ఏమిటంటే, ప్రాశ్నికులు అనే నిర్ణేతలు కూర్చుని సిద్ధులనూ, ఘాతాలు అనే లోపాలనూ లెక్కకట్టాలని, ఆ లెక్క నమోదు చేయడానికి సహాయకులు ఉండాలని అదే అధ్యాయంలో ఉంది. ప్రత్యర్థులు పేడ, మట్టిబెడ్డలు, చీమలు విసిరి ప్రదర్శనను చెడగొట్టడం కూడా ఘాతాల జాబితాలో ఉంది. అట్లా జరిగితే అది నటుడి లోపంగా లెక్కించరాదన్న తెలివిడి అందులో ఉంది. మన మైకు పాడైనా, కరెంటు పోయినా ఆ రోజు వచ్చిన మార్కులను వేరుగా చూడాలన్నది ఇందులోంచి నేను తీసుకునే పాఠం.

వెనుక_వరుస

చీమలు తెచ్చి విసిరేంత ఓపిక ఉన్న ప్రేక్షకులు ఆ కాలంలో ఉన్నారంటే నాటకాన్ని ఎంత గట్టిగా పట్టించుకునేవారో అర్థమవుతోంది.

చిందు_అభిమాని_జనగామ

పైన అందరూ టికెట్టు కొని కుర్చీలో కూర్చునే ప్రేక్షకుడి గురించే మాట్లాడుతున్నారు. మా పల్లెల్లో చిందు కళాకారులు ఆడే చిందు బాగోతానికి వచ్చేవారు అట్లా కాదు. ఆడించేది వారే, తిండి పెట్టేది వారే, తరతరాలుగా ఆ కళాకారులను తమవారుగా చూసుకునేదీ వారే. తెల్లవార్లూ ఆట నడుస్తుంది. నడుమ లేచి ఇంటికి వెళ్లి, పశువులకు గడ్డి వేసి, మళ్లీ తమకు ఇష్టమైన ఘట్టానికి వచ్చి కూర్చుంటారు. సార్ చెప్పినట్టు ఖాళీ కుర్చీలు లెక్కపెడితే ఇక్కడ తప్పుడు అర్థం వస్తుంది, వెళ్లడం నచ్చకపోవడం కాదు. ఎవరు ఏ ఘట్టానికి తిరిగి వచ్చారన్నదే చూడాలి. ఆట నడుమ చదివింపుల పేర్లు చదువుతారు, వాటిని కూడా ప్రేక్షకుల స్పందనగా లెక్కపెట్టమని ఒక పరిశోధకుడు నాతో అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పక్కింటాయన నూట పదహార్లు చదివిస్తే తానూ చదివించకపోవడం చిన్నతనమని ఇచ్చేవారు చాలామంది ఉంటారు. అది ఊళ్లో పరువుకు కొలత, ఆటకు కాదు.

2024లో గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా వైపు పల్లెల్లో జనం ఆయన ఆడిన వేషాలను పేరుపేరునా చెప్పుకున్నారు. ఏళ్ల తర్వాత కూడా ఫలానా రాత్రి ఫలానా వేషం అని చెప్పగలగడం కంటే పెద్ద ఆధారం ఏ ఫారంలో దొరుకుతుంది?

గణాంకాల_సార్

తిరిగి రావడాన్ని చూడాలన్న మాట ఒప్పుకుంటున్నాను, టికెట్టు హాలుకు వేసిన లెక్క తెల్లవార్లూ ఆడే ఆటకు పనికిరాదు. ఏళ్ల తర్వాతి జ్ఞాపకాన్ని మాత్రం జాగ్రత్తగా వాడాలి. నచ్చని ఆటను గుర్తుపెట్టుకుని చెప్పేవారు ఎదురుపడరు, గుర్తున్నవారే మాట్లాడతారు.

కళాపరిశోధన_విద్యార్థి

మాటలతో పని లేకుండా శరీరాన్నే అడుగుదామని కొందరు ప్రయత్నించారు. 2023లో వోల్ఫ్‌గాంగ్ చాకర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, బెర్లిన్‌లో జరిగిన కచేరీలలో 132 మంది శ్రోతలకు పరికరాలు తగిలించి గుండె వేగం, శ్వాస, చర్మం మీది విద్యుత్ ప్రసరణలో మార్పులు నమోదు చేశారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కూర్చున్నా శ్రోతల గుండె వేగాలు, శ్వాస వేగాలు కొంతమేరకు కలిసి సాగాయి. అయితే అందరూ ఒకేసారి ఊపిరి పీల్చి ఒకేసారి వదలడం మాత్రం కనిపించలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఇట్లాంటి పరిశోధనల కోసమే 106 సీట్ల హాలు కట్టుకుంది.

పేరిణి_గజ్జె

పేరిణి చూస్తూ గుండె వేగం పెరిగితే అది వీరరసం వల్లనా, డప్పుల హోరు వల్లనా, పక్కన పొగ యంత్రం పేలుతుందేమోనన్న భయం వల్లనా?

కళాపరిశోధన_విద్యార్థి

ఆ పరికరం అది చెప్పలేదు. శరీరం ఎప్పుడు ఉద్రేకపడిందో చెబుతుంది, ఎందుకు పడిందో మనిషినే అడగాలి. అందుకే ఆ రెండింటినీ కలిపి వాడాలంటారు. మన బృందాలకు పరికరాల అవసరం లేదు, కానీ ఏ నిమిషంలో ఏం జరిగిందో రాసుకునే అలవాటు మాత్రం వారి నుంచి తీసుకోవచ్చు.

ఒగ్గుడోలు

ఐనవోలు జాతరలో ఒగ్గు కళాకారులు మల్లన్న కథ చెబుతుంటే, దేవుడు పూనే శివసత్తులు ఊగిపోతారు. నేల మీద రంగుల ముగ్గుగా వేసిన పట్నం చుట్టూ నిలబడిన వాళ్లు కథకుడి మాటకు ఊఁ కొడుతూ, కథలో పెళ్లి జరిగితే అక్షింతలు వేస్తూ, తాము కూడా కథలోనే ఉంటారు. వారి దగ్గరికి వెళ్లి ఆత్మకు సంబంధించిన అనుభూతి కలిగిందా, ఎన్ని మార్కులు వేస్తారని అడగడం మర్యాద కాదు. అక్కడ ప్రేక్షకుడు అనేవాడు ఉన్నాడా అన్నదే ముందు తేలాలి. అదే ఒగ్గు కథను కాళోజీ కళాక్షేత్రం వంటి ఏసీ హాలులో గంటకు కుదించి చెబితే ఎదుట ఉన్నవారు ప్రేక్షకులే అవుతారు, అప్పుడు అడగండి. ఊఁ కొట్టేవారు లేకపోతే కథకుడి గొంతు ఎక్కడ బిగుసుకుపోతుందో కూడా రాసుకోండి. కళాకారుడికి అందిన దానిని కూడా కొలవాలి.

కరీంనగర్_ప్రేక్షకురాలు

చివరి మాట చాలా బాగా చెప్పారు. అడగకూడని చోటు అంటూ ఒకటి ఉంటుందన్నదీ ఒప్పుకుంటాను. కానీ హాలుకు వచ్చే మా అత్తమ్మ లాంటివారు ఫారం చదవలేరు కాబట్టి వారిని ఎవరూ అడగడం లేదు, అది కూడా న్యాయం కాదు. నోటితో అడిగే మనిషి కావాలి.

ఓరుగల్లు_రంగస్థలం

ఇంతవరకు వచ్చినవాటిని బట్టి వచ్చే ప్రదర్శనకు మేము చేయదలచుకున్నది రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి. ఐదు మార్కుల ఫారాన్ని సంస్థ కోసం కొనసాగిస్తాము, ఎందుకంటే అది లేకపోతే డబ్బు ఆగిపోతుంది. దానితోపాటు నాట్యశాస్త్రంలో చెప్పినట్టు రాసుకునేవారిని ఇద్దరిని పెడతాము. ఒకరు హాలు పక్కన నిలబడి ఏ రంగంలో నవ్వు, ఏ రంగంలో దగ్గులు, ఎక్కడ ఫోన్ల వెలుగు, ఎక్కడ నిశ్శబ్దం అన్నది గడియారం చూసి రాస్తారు, రెండోవారు ఇంటర్వెల్ ముందూ వెనుకా తలలు లెక్కపెడతారు. ఇద్దరూ మా బృందానికి సంబంధం లేనివారై ఉంటారు. చాయ్ దుకాణం దగ్గర కాలేజీ విద్యార్థులు కొందరిని మూడు ప్రశ్నలు నోటితో అడుగుతారు: ఈ కథ మీకు ముందే తెలుసా, ఇల్లూ పనీ మరచిపోయిన ఘట్టం ఏదైనా ఉందా, ఎక్కడ విసుగనిపించింది? ఒప్పుకున్నవారికి వారం తర్వాత ఫోన్ చేసి ఏం గుర్తుందని మాత్రమే అడుగుతాము.

చిందు_అభిమాని_జనగామ

ఫోన్ విషయంలో నాకు సమ్మతి లేదు. వారం తర్వాత ఫోన్ వస్తుందని ముందే తెలిస్తే పరీక్షకు చదువుకున్నట్టు గుర్తుపెట్టుకుంటారు.

గణాంకాల_సార్

అయితే నంబరు తీసుకునేటప్పుడు తర్వాతి ప్రదర్శన వివరాలు చెప్పడానికి, ఈ ప్రదర్శన గురించి ఒక మాట అడగడానికి ఫోన్ చేస్తామని చెప్పండి. ఏం అడుగుతారో మాత్రం ముందే చెప్పనవసరం లేదు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్

రాసుకునే ఆయనకు నాదొక విన్నపం. కళ్లు మూసుకున్నవారిని విసుగు ఖాతాలో వేసే ముందు వారి చేతులు ఏం చేస్తున్నాయో ఒకసారి చూడమనండి.

కళాపరిశోధన_విద్యార్థి

కథ ముందే తెలుసా అన్న ప్రశ్నను చాయ్ దుకాణం దగ్గరి నుంచి తీసేసి టికెట్ల కౌంటరు దగ్గరికి మార్చండి. నాటకం చూశాక అందరికీ ఆ కథ తమకు ముందే తెలుసునన్నట్టు అనిపిస్తుంది. చాయ్ దగ్గర అడిగే రెండింటిలో విసుగు ప్రశ్నను ముందు పెట్టండి, మంచి మాట చెప్పిన తర్వాత విసుగు గురించి చెప్పడానికి మనవాళ్లకు నోరు రాదు.

ఓరుగల్లు_రంగస్థలం

రెండూ మారుస్తున్నాను. విసుగు ప్రశ్నను కూడా ఎక్కడ విసుగనిపించిందని కాకుండా, ఏ రంగాన్ని తగ్గిస్తే బాగుండేదని అడిగిస్తాను, అట్లా అయితే జవాబు మాకు నేరుగా పనికొస్తుంది. ప్రదర్శన అయ్యాక రాసుకున్న కాగితాలను, సంస్థకు పంపే సగటును పక్కపక్కన పెట్టి ఇక్కడే పంచుకుంటాను.